కొండ కనిపించే నాలుగు జాగలు

ఖాళీలు పూడ్చమన్నాడు ముకద్దం అంబదాస్. పూడ్చేది లేదన్నారు పదకొండు మంది సాంచాల పనివాళ్ళు. వాళ్ళకూ ఆయనకూ మధ్య, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించుకుని నిలబడ్డ ఫోటోగ్రాఫర్ బ్రహ్మచారి మాత్రం ఏమీ అనలేదు. తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్న మనిషి, ఒక్క గిరాకీకి కూడా ఎదురు చెప్పి ఎరగడు. నల్లటి పిల్లను తెల్లగా చెయ్యమంటే చేశాడు. పెళ్ళికొడుకు పొట్టిగా ఉంటే కాళ్ళ కింద పీట వేశాడు. తగువులు పడి మాట్లాడుకోని అన్నదమ్ములను ఒకే ఫోటోలో భుజాల మీద చేతులు వేసుకున్నట్టు అతికించాడు.

చుట్టూ గుజరాత్ సాపుతారా కొండలు. ఉన్నాయని నమ్మాల్సిందే తప్ప కంటికి కనిపించేది లేదు. ఆగస్టు పదిహేను, పొద్దున పదకొండు దాటింది. అయినా ఇరవై అడుగుల అవతల ఏముందో తెలియని పొగమంచు.

ఈ తగువు ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు పరదా సంగతి చెప్పాలి.

సూరత్‌లో సలాబత్‌పురా సందులో బ్రహ్మచారి స్టూడియోలో ఒక పరదా ఉండేది. దాని మీద మంచు కొండ, కొండ కింద నీలం చెరువు, చెరువులో రెండు హంసలు. అంచులు చీకిపోతే భార్య మంగ పాత చీర అంచు కత్తిరించి చుట్టూ కుట్టింది. మంగ పోయి ఆరేళ్ళయింది. ఆ కుట్టు మాత్రం ఒక్క పోగు ఊడలేదు.

ఆ పరదా ఏటా పంద్రాగస్టు నాడు చుట్టచుట్టుకుని ఆటో ఎక్కి ఒక కారఖానాకు వెళ్ళేది. సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి అక్కడ పగలు షిఫ్టులో మరమగ్గాలు నడిపేవాళ్ళు పదిహేను మంది. మరమగ్గాన్ని సిరిసిల్లలోనూ సాంచా అంటారు, సూరత్‌లోనూ సాంచా అంటారు. ఊరు విడిచి వచ్చినవాళ్ళకు ఆ ఒక్క మాటయినా కొత్తగా నేర్చుకునే బాధ తప్పింది. ఆ రోజు సాంచాలు ఆగేవి. గోడకు పరదా కట్టి, పదిహేను మందీ రెండు వరుసల్లో నిలబడేవాళ్ళు. ఎవరి సాంచాలు ఏ క్రమంలో ఉంటే ఫోటోలో కూడా అదే క్రమం. ఏడో జాగ ఆగయ్యదంటే ఏడో జాగ ఆగయ్యదే.

ఒకడు ఊరికి పోయి ఆ రోజుకు అందకపోతే అతని జాగ అలాగే ఉంచేవాళ్ళు. భుజం వెడల్పు ఖాళీ విడిచి పక్కవాడు సర్దుకుని నిలబడేవాడు. ఆ మనిషి తిరిగొచ్చాక స్టూడియోకు వచ్చి, అదే పరదా ముందు నిలబడేవాడు. బ్రహ్మచారి అతన్ని తెచ్చి అతని ఖాళీలో అతికించేవాడు. మొదట్లో కత్తెరతో, జిగురుతో, తరవాత కంప్యూటర్లో. అలా ఏ ఏటి ఫోటోలోనూ ఎవరి జాగ పోలేదు.

"చారన్నా, గీ బాతులు ఇన్నేండ్ల సంది ఈత గొడుతున్నయే, ఒడ్డుకు చేరుతనే లేవు," అనేవాడు ఆగయ్య ప్రతి ఏడూ.

"బాతులు కావు ఆగయ్యా, హంసలు."

"హంసలయితే ఇంక జల్ది చేరాలె గద! ఒక్కపారి అసలు కొండ ముంగట నిలవెట్టు మమ్ముల. గుడ్డ కొండతోనే మా జిందగీ పాయె."

2020లో ఫోటో లేదు. సగం మంది ఊళ్ళకు పోయి ఇంకా తిరిగి రాలేదు. స్టూడియో నెలల తరబడి మూసి ఉంది. వానాకాలంలో కప్పు కారి పరదా మీద బూజు పట్టింది. బ్రహ్మచారి తలుపు తీసి చూసేసరికి కొండ, చెరువు, హంసలు, అన్నీ తెల్లటి తెరలో మునిగిపోయాయి.

ఆ మరుసటి ఏప్రిల్‌లో కరోనాతో నలుగురు పోయారు. మూడో జాగ, ఏడో జాగ, పదో జాగ, పదమూడో జాగ. ఆగయ్య మూడు రోజులు దగ్గుతూనే సాంచాలు నడిపాడు. నాలుగో రోజు నడపలేకపోయాడు. తొమ్మిదో రోజుకు లేడు. కారఖానా పుస్తకంలో మాత్రం నలుగురి పేర్ల ఎదుటా 'ఊరికి వెళ్ళారు' అని రాసి ఉంది. ఎవరడిగినా యజమాని సేఠ్ ఒకటే చెప్పాడట: మా దగ్గర ఒక్కరికి కూడా ఏమీ కాలేదు.

జూలైలో, అందరికంటే పెద్దవాడయిన బిక్షపతి స్టూడియోకు వచ్చి బూజు పట్టిన పరదా చూశాడు.

"పరదా పోతే ఏందన్నా? అసలు కొండకే పోదాం. ఆగన్న మాట గూడ తీరుతది."

బస్సు తను పెడతానన్నాడు సేఠ్. ఆయన ఉదారత వెనుక ఒక గుడ్డ బేనరు ఉంది. 'మా కుటుంబం, అందరూ క్షేమం' అని గుజరాతీలో పెద్ద అక్షరాలు. దాన్ని పట్టుకుని పనివాళ్ళు నవ్వుతూ నిలబడాలి. ఆ ఫోటో ఆఫీసు గోడకు ఎక్కాలి. ఆ పని చూసుకు రమ్మని పనివాళ్ళను పెట్టే, తీసే ముకద్దం అంబదాస్‌ను వెంట పంపాడు.

పంద్రాగస్టు పొద్దున ఆరింటికి రాత్రి కర్ఫ్యూ ఎత్తేశాక, ఏడింటికి బస్సు బయలుదేరబోతుంటే ఆటో దిగింది సారక్క, ఆగయ్య భార్య. ఊరి చివరి కోసాడ్ నుంచి వచ్చింది. తిన్నగా బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

"ఏయ్ సారక్కా, ఆడోళ్ళకు జాగ లేదు. ఇది కారఖానా బస్సు," అన్నాడు అంబదాస్.

"మా ఆయన సీటు ఖాళీనే ఉన్నది గద ముకద్దం సాబ్. ఊరికి పోయిండని రాసుకున్నరట. వచ్చేదాంక నేను గూసుంట."

డ్రైవరు అద్దంలోంచి ఆమె వైపు ఒకసారి చూసి, అంబదాస్ ఇంకో మాట అనే లోపు బండి కదిలించాడు.

దారిలో అంబదాస్ వచ్చి బ్రహ్మచారి పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"చారీ, వీళ్ళు జాగలు ఇడుస్తమని మొండికేస్తున్నరు. నువ్వు లొల్లి పెట్టుకోకు. వాళ్ళు ఎట్ల నిలవడితే అట్ల కొట్టు. ఇంటికాడ కంప్యూటర్ల ఖాళీలన్నీ జరిపి దగ్గరికి తే. సేఠ్‌కు గది ఇయ్యి. ఎవనికి ఎరుక?"

బ్రహ్మచారి కిటికీ బయటికి చూశాడు. చీరల కొట్లకు కేటలాగు ఫోటోలు తీయడం ఆయనకు సగం బతుకు. ఆ కొట్లలో సగం ఈ సేఠ్ చుట్టాలవే. తల ఊపాడో, బస్సు కుదుపుకు తల ఊగిందో ఆయనకే తెలియదు. అంబదాస్ మాత్రం ఊపాడనే అనుకుని లేచాడు.

కొండ మీద దిగగానే అందరూ తమ కాళ్ళ వంక చూసుకున్నారు. బెంగళూరు, హైదరాబాదు చూసినవాళ్ళున్నారు గానీ మబ్బు కాళ్ళకు తగలడం ఎవరూ ఎరగరు. లోయ అంచున పిట్టగోడ ఉంది. గోడ అవతల అంతా తెలుపే. మాస్కులు గడ్డాల కిందికి దించి, పదకొండు మంది రెండు వరుసల్లో నిలబడ్డారు. నాలుగు జాగలు వాటంతట అవే ఏర్పడ్డాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

బ్రహ్మచారి స్టూడియో మనిషి. వెలుతురు తక్కువగా కనిపిస్తే చెయ్యి దానంతటదే ఫ్లాష్ మీదికి పోతుంది. ఫ్లాష్ వెలిగింది. చూసుకుంటే ఫోటోలో మనుషులే లేరు. సున్నం కొట్టిన గోడలా ఉంది. మంచులోని ప్రతి నీటి చుక్కా ఆ వెలుగును తిరిగి ఆయన ముఖాన్నే కొట్టింది.

అంబదాస్ తొంగి చూసి పకపకా నవ్వాడు. "ఏంది చారీ, దయ్యాల పెండ్లి ఫోటో తీసినవా?"

ఫ్లాష్ తీసేసి మళ్ళీ నొక్కాడు. ఈసారి మనుషులు వచ్చారు గానీ, మంచు ఉతకని ధోవతిలా మాసి ఉంది, ముఖాలు బొగ్గయ్యాయి. బ్రహ్మచారికి అప్పుడు తెల్ల చీరలు గుర్తొచ్చాయి. సలాబత్‌పురా కొట్లలో తెల్ల చీరకు ఫోటో తీస్తే కెమెరా ఎప్పుడూ మోసపోతుంది. ఇంత తెలుపు ఉండదులే అనుకుని తనే తగ్గించి బూడిదరంగు చేస్తుంది. దాని మాట నమ్మకుండా వెలుగు ఒకటిన్నర పాళ్ళు పెంచాలి. అప్పుడే తెలుపు తెలుపవుతుంది. మంచు కూడా తెల్ల చీరే కదా అనుకున్నాడు. పెంచాడు. కెమెరా కన్ను ఆ తెలుపులో దేని మీద నిలవాలో తెలియక ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంటే, దాన్ని ఆపి, చేత్తో తిప్పి, బిక్షపతి నెరిసిన మీసం మీద నిలిపాడు. ఒక్కొక్క వెంట్రుకా కనిపించింది.

కెమెరా అద్దం మీద చెమ్మ పట్టింది. జేబులోంచి మంగ పాత నూలు చీర ముక్క తీసి తుడిచాడు. మళ్ళీ పట్టింది. పక్కనే మక్కకంకులు కాల్చుకునే డాంగీ ఆదివాసీ ఆమె చూసి, చేత్తో రమ్మని సైగ చేసి, తన బొగ్గుల కుంపటి పక్కన చోటిచ్చింది. దూరంగా, సన్నటి సెగకు పట్టి ఉంచితే అద్దం తేటపడింది. ఆమె కంకి కొనమని కూడా అడగలేదు.

అప్పుడొచ్చాడు అంబదాస్, బేనరు చంకన పెట్టుకుని.

"ఇగ అయింది తమాషా. అందరు దగ్గరికి జరుగున్రి. ఖాళీలు గీలీలు వద్దు. చెరొక కొస పట్టున్రి."

"జాగలు ఇడుసుడు మా రివాజు," అన్నాడు బిక్షపతి.

"రివాజు ఊరికి పోయినోనికి. మల్ల వచ్చేటోనికి. వీళ్ళు వస్తరా?"

"ఊరికి పోయిన్రని రాసింది మీరే గద సాబ్. మరి వస్తరు గావచ్చు. మేం జాగ పట్టుకొని ఉంటం."

అంబదాస్ ముఖం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, పిట్టగోడ మీద కూర్చున్న సారక్కను చూశాడు. గొంతు మెత్తబరిచాడు. "సరే, ఒక పని జెయ్యున్రి. సారక్కను ఆగయ్య జాగల నిలవెట్టున్రి. ఆమెకు గూడ ఇజ్జత్ అయితది. కడమ మూడు జరుపుకోన్రి."

అందరూ ఆమె వైపు చూశారు. ఆ మాటలో మర్యాద ఉన్నట్టే ఉంది. ఒకరిద్దరు కాదనలేని ముఖాలు పెట్టారు కూడా. సారక్క గోడ దిగి, నడిచి వెళ్ళి, ఏడో జాగ పక్కన ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"నేను నిలవడితే ఆయన యాడ నిలవడుతడు?" అంది. "నేను సాంచాలు నడపలే. ఆయన నడిపిండు. జొరంతోని నడిపిండు. ఈ జాగల ఎవ్వలు నిలవడద్దు. నేను గూడ."

మళ్ళీ వెళ్ళి గోడ మీద కూర్చుంది.

"ఖాళీలు పూడ్చున్రి!" అరిచాడు అంబదాస్.

"పూడ్చం," అన్నారు. ఒకరు కాదు, పదకొండు మంది.

బ్రహ్మచారి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అంబదాస్ ఆయన చెవి దగ్గరికి వచ్చి, "సరే తియ్యి. బస్సుల చెప్పింది యాది ఉన్నది గద?" అన్నాడు.

యాది ఉంది. ఎంత తేలికైన పనో కూడా బ్రహ్మచారికి తెలుసు. వెనుక ఉన్నది ఒట్టి తెలుపు. తెలుపులోంచి ఒక ముక్క కోసి పక్క ముక్కను దగ్గరికి తెస్తే అతుకు దేవుడికి కూడా కనిపించదు. పది నిమిషాల పని. పద్దెనిమిదేళ్ళుగా ఖాళీల్లో మనుషులను పెట్టిన చెయ్యే ఇవాళ మనుషులతో పాటు ఖాళీలనూ తీసేస్తుంది.

అప్పుడే గాలి తిరిగింది. మంచు ఒక పక్క కొంచెం లేచింది. గోడ అవతల, లోయకు ఆవల, ఒక కొండ కనిపించింది. పరదా మీది కొండలా కోసుగా లేదు. ఎడమ నుంచి కుడికి ఒకే గీతగా, ఏటవాలుగా, పలచని నీలంలో దిగుతూ ఉంది. రెండో వరుసలోని ఒక ఖాళీలోంచి ఆ గీత ముక్క కనిపించి, బిక్షపతి భుజం వెనక్కి పోయి మాయమయింది. మంచు మళ్ళీ మూసేసింది.

బ్రహ్మచారి స్టాండు ఎత్తుకుని నాలుగు అడుగులు ఎడమకు నడిచాడు. కాళ్ళు కుదించాడు. కెమెరాను ఛాతీ ఎత్తుకు దించాడు.

"బిక్షపతన్నా, రెండు వరుసలు వద్దు," అన్నాడు. "ఒకటే వరుస. మీ క్రమంలోనే. జాగలు మాత్రం ఇంకో జానెడు పెంచండి."

"పెంచుమంటవా?" బిక్షపతి నమ్మలేనట్టు చూశాడు.

"పెంచండి. నాలుగూ పెంచండి."

"చారీ!" అన్నాడు అంబదాస్.

బ్రహ్మచారి వినలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి భుజాలు పట్టుకుని అర అడుగు అటూ ఇటూ జరిపాడు. తిరిగొచ్చి కెమెరాలో చూశాడు. కొండ ఎక్కడ కనిపించిందో మనసులో గీత గీసుకుని, మళ్ళీ వెళ్ళి ఆరో మనిషిని పిడికెడు జరిపాడు. ఇక మిగిలింది మంచు మీద ఆధారపడ్డ పని. పూర్తిగా విడిపోయినా లాభం లేదు. విడిపోతే హోటళ్ళు, తీగల స్తంభాలు, ప్లాస్టిక్ కప్పులు అన్నీ బయటపడతాయి. మంచు వాటిని దయతో కప్పి ఉంచింది. కొండ కనిపించాలి, హోటళ్ళు కనిపించకూడదు. అంతే విడవాలి. అంతవరకు ఆగాలి.

ఆగారు. సాంచాల ముందు పన్నెండేసి గంటలు నిలబడేవాళ్ళకు నిలబడడం చెప్పాలా? జుట్టు మీద, కనుబొమల మీద సన్నటి చుక్కలు చేరాయి.

"ఇగ చాలు! బస్సు పోతది!" అంబదాస్ వెళ్ళి డ్రైవరును హారను కొట్టమన్నాడు. డ్రైవరు తాపీగా తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇంజను చల్లారాలి సాబ్. ఘాట్ రోడ్డు దిగాలి కదా. అరగంట పడుతుంది."

ఆ చలిలో ఇంజను ఎప్పుడో చల్లారిపోయిందని అందరికీ తెలుసు.

పావుగంటకు గాలి మళ్ళీ తిరిగింది. మొదట మూడో జాగలో కొండ శిఖరం తేలింది. తరవాత ఏడో జాగలో దాని భుజం. పదో జాగలో నడుము. పదమూడో జాగలో, మంచులోకి కరిగిపోతున్న పాదం. ఒకే గీత, నాలుగు జాగల్లోంచి, మనుషుల వెనుకగా దిగుతూ పోయింది. ఎవరినీ నవ్వమనలేదు బ్రహ్మచారి. వాళ్ళు నవ్వలేదు. గడ్డాలెత్తి సూటిగా చూశారు. ఆయన మూడుసార్లు నొక్కాడు. నాలుగోసారికి కొండ లేదు.

మంగళవారం అంబదాస్ స్టూడియోకు వచ్చాడు. బేనరు పట్టుకోనే లేదని సేఠ్ తిట్టిన తిట్లు ముఖం మీదే ఉన్నాయి.

"జరిపినవా?"

"కూర్చోండి, చూపిస్తా," అన్నాడు బ్రహ్మచారి. తెర మీద ఫోటో తెరిచాడు. ఏడో జాగను కోసి, ఇటువాళ్ళనూ అటువాళ్ళనూ దగ్గరికి తెచ్చాడు. కొండ గీత తటాలున మెట్టులా విరిగింది. పదో జాగ కూడా జరిపాడు. ఇంకో మెట్టు. నాలుగూ జరిపేసరికి కొండ గొడ్డలితో నరికినట్టయింది.

"చిన్నపిల్లలు చూసినా ఎవరినో కోసేశారని చెప్తారు," అన్నాడు.

అంబదాస్ తెర వంక వేలు చూపించాడు. "కావాలనే చేసినవు."

"కావాలనే చేశా."

"ఇంకో కొండ పెట్టు ఎనుక."

"పెట్టను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని బ్రహ్మచారికే ఆశ్చర్యమేసింది. చిన్న మాటే. ముప్ఫై ఏళ్ళలో ఎందుకో ఎప్పుడూ పనిపడలేదు.

"చీరల పని బందయితది చారీ. సోంచాయించి చెప్పు."

"బందు కానీ."

అంబదాస్ వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే చీరల పని సగానికి సగం బందయింది కూడా. పాస్‌పోర్టు సైజు ఫోటోలకు వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు.

సారక్క ఆదివారం వచ్చింది. ఫోటోను రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తిప్పి, వేలితో ముఖాలను దాటుకుంటూ పోయి ఏడో జాగ దగ్గర ఆపింది. అక్కడ మనిషి లేడు. నీలం కొండ భుజం, దాని మీద పలచటి మంచు.

"ఇగో, మా ఆయన," అంది. "చారన్నా, ఇండ్ల బాతులు లేవు గద?"

"లేవు చెల్లె."

"ఒడ్డుకు చేరినట్టున్నయి," అంది. ఫోటోను కొంగులో చుట్టుకుంది.

ఆఫీసు గోడకు ఆ ఫోటో ఎక్కలేదు. అది అందరూ ఊహించిందే. కానీ ఒకనాడు పొద్దున కారఖానా లోపల, ఆగయ్య సాంచాల పక్కనున్న స్తంభానికి వేలాడుతూ కనిపించింది. మేకు కొట్టింది ఇప్పుడా సాంచాలు నడుపుతున్న ఒడియా మనిషి. ఆగయ్యను అతను ఎన్నడూ చూడలేదు. సాయంత్రానికి ముకద్దం దాన్ని పీకేయించాడు. మర్నాడు పొద్దున ఇంకొకటి వేలాడింది. దాన్నీ పీకేశారు. మూడోది మూడో జాగవాడి సాంచాల దగ్గర.

బిక్షపతి షిఫ్టు దిగి, ఒంటినిండా దారాల నూగుతో స్టూడియో గడపలో నిలబడ్డాడు.

"మల్ల తీసేసిన్రన్నా. ఇంకోటి కొట్టు."

"ఎన్ని కొట్టమంటవు?"

"వాళ్ళు తీసేసినన్ని." బిక్షపతి కొంచెం ఇబ్బందిగా చూశాడు. "నీకు సిరా దండగ అయితుంది గావచ్చు గని..."

బ్రహ్మచారి మిషన్లో కాగితం పెట్టాడు. అది కిర్రుమంటూ మెల్లగా బయటికి రాసాగింది. ముందు తెలుపు, చాలా తెలుపు, ఆ తెలుపులోంచి సన్నగా కొండ శిఖరం.

"మంచుకు సిరా పట్టదు బిక్షపతన్నా," అన్నాడు. "ఇవాళ రెండు పట్టుకపో."